దారం మీద వరస

గవర్నర్‌పేటలో బట్టల హోల్‌సేల్ కొట్ల వెనక సందులో చౌడయ్యగారి డిజైన్ల షాపు. దాని మేడ మీది గదిలో ఒక కంప్యూటరుండేది. తెరకు అడ్డంగా, అడుగు అంచుకు దగ్గరగా, ఒక నల్లదారం అంటించి ఉండేది. రెండు చివరలా మైనం ముద్దలు. కొత్తగా మేడెక్కినవాళ్ళు ముందు ఆ దారాన్నే చూసి, "ఇదేంటండీ, దిష్టికా?" అని అడిగేవాళ్ళు. చౌడయ్యగారు నవ్వేవారు. దారం అంటించిన సాజిదా మాత్రం తల వంచుకుని తన పని తాను చేసుకునేది.

ఆమె పని అట్టలు కొట్టడం. చీర అంచు మీద హంసో మామిడిపిందో రావాలంటే మగ్గం పైనున్న జకార్డు పెట్టెకు అట్టల దండ తగిలించాలి. ఒక్కో పేకకు ఒక్కో అట్ట. చిల్లున్న చోట పడుగుదారం లేస్తుంది, లేనిచోట లేవదు. ఏ అట్టకు ఎక్కడ చిల్లు పడాలో గళ్ళకాయితం మీద వరసలు వరసలుగా వేసుంటుంది. ఆ వరస చదివి, అట్టను ఇనప పలక మీద పెట్టి, పంచ్ మీద సుత్తితో కొడతారు. నేత కింది నుంచి పైకి పెరుగుతుంది కాబట్టి గళ్ళకాయితాన్ని కూడా అడుగు వరస నుంచే చదువుతూ పోవాలి. హంసకు ముందు కాళ్ళు, తర్వాత పొట్ట, ఆఖరున మెడ, తల.

సాజిదా తండ్రి ముస్తఫా వయసంతా ఆ బల్ల దగ్గరే గడిచింది. సుత్తి మోతకు చెవులు మందగించాయి. తర్వాత కళ్ళు మసకబారాయి. అప్పటికి సాజిదా ఎనిమిదో తరగతి. తల్లి అంతకు ముందే పోయింది. తండ్రి గళ్ళు చదవలేకపోతున్నాడని తెలిసినరోజు ఆ పిల్ల బడిసంచీతోనే మేడెక్కి అతని పక్కన కూర్చుంది. గళ్ళకాయితం మీద స్కేలు ఆనించి వరస చదివింది.

"నాలుగు వదులు. రెండు కొట్టు. ఒకటి వదులు. అయిదు కొట్టు."

చెవి వినపడని తండ్రికి వినపడాలి గనక గట్టిగా చదివేది. ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడని పిల్ల గొంతు అక్కడ సందు చివరిదాకా వినపడేది. మళ్ళీ బడికి వెళ్ళలేదు. కొన్నేళ్ళకు ముస్తఫా మెట్లెక్కడం కూడా మానేశాక బల్ల ఆమెదయింది. చదివేదీ కొట్టేదీ తనే అయ్యేసరికి గట్టిగా చదవాల్సిన పని లేకపోయింది. సందులోవాళ్ళు మళ్ళీ ఆమె గొంతు వినలేదు.

రెండువేల నాలుగులో కంప్యూటరు వచ్చింది. చౌడయ్యగారికి గళ్ళు నింపే ఓపిక తగ్గింది. ఆయన మేనల్లుడు హరిబాబు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాడు. పాత మిషనొకటి తెచ్చి, అందులో డిజైన్లను ఉత్త అక్షరాలుగా పెట్టాడు. నల్లటి తెర మీద, టైపు మాత్రమే తెలిసిన ఎడిటర్‌లో, వదిలే చోట చుక్క, కొట్టే చోట ఇంటూ గుర్తు. ఒక్కో లైను ఒక్కో అట్ట.

"బొమ్మల సాఫ్ట్‌వేరు కొనాలంటే మామయ్య ఇల్లమ్ముకోవాలి. ఇది ఊరికే వచ్చుద్ది. నీకూ తేలికే. చక్రం తిప్పుతా ఉండు, వరసలొస్తా ఉంటయ్, నువ్వు కొడతా ఉండు" అన్నాడు మౌస్ చూపించి.

సాజిదా తలూపింది.

తేలిక కాలేదు. కాయితం మీదైతే స్కేలు ఉండేది. వరస అయిపోయాక స్కేలు ఒక గడి పైకి జరిపితే చాలు. గాజు మీద స్కేలు ఆగదు. చూపు సుత్తి మీదికి వెళ్ళి తిరిగొచ్చేసరికి ఏ చుక్క ఏ వరసదో తెలిసేది కాదు. రెండు రోజులు కళ్ళు చికిలించి, మూడోరోజు దారం అంటించింది. కొట్టాల్సిన వరస దారం మీద కూర్చుంటుంది. అట్ట అయ్యాక చక్రాన్ని ఒక్క మెట్టు తిప్పితే ఆ వరస దారం కిందికి దిగిపోయి, పై వరస దాని చోటికి రావాలి. నేసిన గుడ్డ కర్రకు చుట్టుకుపోతుంటే కొత్త పేక వచ్చి అంచున కూర్చున్నట్టు.

రావాలి. కానీ చక్రం ఒక్క మెట్టుకు మూడు వరసలు దూకేది.

మొదట తన వేలిదే తప్పనుకుంది. మెల్లగా తిప్పింది. గోటి కొసతో తిప్పింది. ఎలా తిప్పినా మూడే. బాణం మీటలు నొక్కి చూసింది. వెలుగుతున్న గడి ఒకటే పైకి పాకేది, వరసలు మాత్రం ఎక్కడివక్కడే ఉండేవి. రెండు మీటలు కలిపి నొక్కే ఉపాయమేదో ఉందని హరిబాబు ఒకసారి అన్నాడు గానీ, కుడిచేత సుత్తి, ఎడమచేత పంచ్ పట్టుకున్న మనిషికి ఖాళీగా మిగిలేది ఒక చిటికెనవేలు. దానితో చక్రమొకటే తిప్పగలదు.

అడగొచ్చు. హరిబాబు సాయంత్రాలు వస్తూనే ఉంటాడు, విసుక్కునే మనిషి కూడా కాదు. కానీ అడగాలంటే అతను కుర్చీ జరుపుకుని పక్కన కూర్చుంటాడు, ఏది చూపించు అంటాడు. తాను మాట్లాడాలి. "ఇంత చిన్నదానికా" అంటే? ఇలా ప్రతి సాయంత్రం అనుకుని, ప్రతి సాయంత్రం అట్టలు సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయేది. దారం మీది వరస ఒకటి, దాని పైవి రెండు, మొత్తం మూడూ కంటితోనే పట్టుకుని కొట్టేది. ఎక్కడో ఒకచోట కన్ను జారేది.

ఆ జారింది చల్లపల్లిలో తేలింది. అక్కడ నేతపేటలో వెంకటరావమ్మ రెండు మగ్గాలు నడిపిస్తుంది. ఒకదాని మీద తనే కూర్చుంటుంది. ఒకరోజు ఆవిడ నేరుగా మేడెక్కి, చంకలోని సంచీలోంచి చీరముక్క తీసి చౌడయ్యగారి ముందు పరిచింది.

"చూడండి చౌడయ్యగారూ, మీ హంస. నడుం విరిగింది. కట్టు కట్టించుకొద్దామని తీసుకొచ్చా."

హంస వీపు మీద మెట్టులాగా ఉంది. ఒక వరస తప్పిపోయి, ఇంకొకటి రెండుసార్లు పడింది.

"ముస్తఫా కొట్టినప్పుడు ఇట్టాంటివి చూశామా? కళ్ళు కనపడనోడు సరిగా కొట్టాడు, కళ్ళున్న పిల్ల తప్పులు కొడతంది. ఏమ్మాయ్, మాట్లాడవేం? నోరు కూడా మిషన్‌లో పెట్టారా?"

సాజిదా చూపు చీరముక్క మీదే ఉంది. మూడేసి దూకే చక్రం సంగతి నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

ఆవిడ దిగిపోయాక చౌడయ్యగారు మెల్లగానే అన్నారు. "చూడమ్మా, మీ నాన్న మొహం చూసి బల్ల నీకిచ్చా. మచిలీపట్నంలో అట్టలు కొట్టే మనిషున్నాడు, వారానికి రెండుసార్లు కబురు పెడతన్నాడు. ఇంకొక్కటి తప్పొస్తే నేనేం చెయ్యలేను."

ఆ బల్లే పోతే ఇంట్లో ఉన్న ఒక్క పొయ్యీ ఆరుతుంది. అది ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

ఆ సాయంత్రం హరిబాబు వచ్చేసరికి సాజిదా ఇంటికి వెళ్ళకుండా తెర పక్కన నిలబడి ఉంది. వేలితో దారాన్ని చూపించి, చక్రం ఒక మెట్టు తిప్పింది. మళ్ళీ తిప్పింది. అతను రెండుసార్లు చూశాడు.

"ఓహో. మూడు దూకుతంది. దాని తీరే అంత, మామూలుగా చదువుకునేవాళ్ళకి అదే సుఖం. నీకు ఒకటి కావాలి. ఇన్నాళ్ళూ ఎట్టా కొట్టావమ్మా? చెప్పొద్దా?"

కుర్చీ లాక్కుని, తెర అడుగున కోలన్ పెట్టి ఎడిటర్‌కు ఆజ్ఞగా చిన్న లైనొకటి కొట్టాడు. పైకి తిప్పితే ఒక వరస, కిందికి తిప్పితే ఒక వరస. "తిప్పు ఇప్పుడు."

చక్రం ఒక మెట్టు కదిలింది. ఒక్క వరస దారం కిందికి దిగింది. పై వరస వచ్చి సరిగ్గా దారం మీద కూర్చుంది. సాజిదా మళ్ళీ తిప్పింది. మళ్ళీ. పక్కనున్న మనిషిని మరిచిపోయి నవ్వింది.

తర్వాతి రోజులు బాగా జరిగాయి. చేతులకు పాత లయ దొరికింది. చిటికెనవేలు, చూపు, సుత్తి. చిటికెనవేలు, చూపు, సుత్తి. ప్రతి అట్టకూ పైవరసను, కిందివరసను పోల్చి చూసుకునే అలవాటు క్రమంగా తగ్గింది. అవసరమేముంది? చక్రం మాట నిలబెట్టుకుంటోంది. వెంకటరావమ్మ హంసను కొత్తగా, కాస్త పొడుగు మెడతో, మళ్ళీ గీయించారు చౌడయ్యగారు. ఆవిడ మనసు కుదుటపడాలని.

ఆ అట్టలు ఆఖరుకొచ్చిన మధ్యాహ్నం కరెంటు పోయింది. ఎండాకాలం విజయవాడలో అది విశేషం కాదు. హంస కాళ్ళు, పొట్ట, రెక్క అయిపోయాయి. తల పాత హంసదే గనక దాని అట్టలు ముందే కొట్టి పెట్టుంది. ఇక మెడ ఒక్కటే, అదీ మొదలైంది. కింద సందులో వెంకటరావమ్మ పంపిన మనిషి అట్టల కోసం వచ్చి కూర్చున్నాడు. చల్లపల్లి మీదుగా పోయే అవనిగడ్డ బస్సు అందుకోవాలంటాడు. చౌడయ్యగారు మెట్ల దగ్గర నుంచి, "అయిందా అమ్మా? అయిందా?" అని కేకలేస్తున్నారు.

కరెంటు వచ్చింది. సాజిదా మిషను ఆన్ చేసింది, ఫైలు తెరిచింది, ఆపిన వరసను వెతికి దారం మీద కూర్చోబెట్టింది. చిటికెనవేలు, చూపు, సుత్తి. మెడ ఎక్కడ చూసినా మెడే, వరస వరసకూ తేడా ఉండదు. నాలుగు కొట్టు, తక్కినవన్నీ వదులు. తొందరగా అయిపోయింది. అట్టలకు తాడు కుట్టి కట్ట కడుతుంటే చేతికి కాస్త తేలిగ్గా తగిలింది. ఒక్క క్షణం ఆగింది. "బస్సెళ్ళిపోద్దమ్మా!" అని కింద నుంచి కేక. కట్ట అందించేసింది.

ముస్తఫాకు సాయంత్రం పూట ఒక అలవాటు. కూతురు టీ గ్లాసు చేతికిచ్చి పక్కన కూర్చుని ఆ రోజు కొట్టిన వరసలు జ్ఞాపకమున్నంత మేర చెప్పాలి. ఆయన గ్లాసు పక్కనపెట్టి మంచం పట్టె మీద వేళ్ళతో తాళం వేస్తూ వింటాడు. కళ్ళ ముందు గుడ్డ పెరుగుతున్నట్టు మొహం పెడతాడు. ఆ రోజు మెడ దగ్గర సాజిదా, "నాలుగు కొట్టు... నాలుగు కొట్టు... ఇక తల మొదలు" అంది.

వేళ్ళు ఆగాయి. "అప్పుడే తలేంటి బేటీ? పొడుగు మెడన్నావుగా?"

"పొడుగే, అబ్బాజాన్."

"మరి ఏదీ? ఇది బాతు మెడ."

నవ్వుతూనే అన్నాడు. కూతురు మొహం ఆయనకు కనపడలేదు. ఆమె చిటికెనవేలు గాలిలో ఒక మెట్టు తిరిగి ఆగిపోయింది. మధ్యాహ్నం కరెంటు పోయింది. హరిబాబు కొట్టిన లైను మిషన్‌తోపాటే పోయింది. మళ్ళీ మూడు. మెడలో మూడింట రెండు వంతులు దారం మీద కూర్చోకుండానే కిందికి దిగిపోయింది. తాను చూడలేదు.

ఆ రాత్రి పడుకుని లెక్కలు వేసుకుంది. ఎవరికీ చెప్పకపోతే? తెల్లవారితే చల్లపల్లిలో అట్టలు మగ్గానికెక్కుతాయి. ఆవిడ రెండురోజులు నేశాక చూసుకుంటుంది. సంచీ చంకనపెట్టుకుని మళ్ళీ మేడెక్కుతుంది. చెబితే? రేపే మచిలీపట్నం మనిషికి కబురు వెళ్తుంది. ఎటు తిప్పినా బల్ల పోయేదే. కాకపోతే ఒక దారిలో ఆవిడ పడుగు కూడా పోతుంది.

పొద్దున చౌడయ్యగారు షట్టరు ఎత్తుతుండగానే ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"నిన్నటి అట్టలు తప్పండీ."

ఆయన షట్టరు సగంలోనే వదిలేశారు. "ఏంటీ?"

"మెడ వరసలు పోయినయ్. కరెంటు పోయినాక చక్రం మళ్ళీ మూడేసి దూకింది."

"అయితే మిషనుదన్నమాట తప్పు."

అవునంటే సరిపోయేది. హరిబాబు మీద ఆయన రెండు కేకలు వేసి ఊరుకునేవారు. సాజిదా చున్నీ అంచు వేలికి చుట్టుకుంది.

"దూకింది చక్రమే. చూడకపోయింది నేనండీ."

చౌడయ్యగారు వంగి మళ్ళీ షట్టరు పట్టుకున్నారు. తర్వాత, "ముందు ఆ మెడ సంగతి చూడు" అని షట్టరు పూర్తిగా ఎత్తారు. అందులో కోపముందో లేదో ఆమెకు తెలియలేదు. ఆయన ఫోను చేస్తే హరిబాబు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్తూ దారిలో వచ్చి పడ్డాడు. తల కొట్టుకున్నాడు.

"ఆ రోజు కొట్టిన లైను ఆ పూటకే. దాచాలి, దాయలేదు. ఇదిగో, ఎడిటరు తెరిచినప్పుడల్లా చదువుకునే ఫైల్లో పెట్టేశా. ఇక కరెంటు పోయినా పోదు." లేచి వెళ్ళబోతూ ఆగాడు. "మామయ్యతో నా పేరు చెప్పాల్సింది గదా."

సాజిదా అప్పటికే సుత్తి పట్టుకుని ఉంది.

తప్పిన మెడ అట్టలు ఒడిలో పెట్టుకుని బస్సెక్కింది. ఒంటరిగా అంతదూరం ఎన్నడూ వెళ్ళలేదు. ఉయ్యూరు దాటేదాకా ముందు సీటు రాడ్డు వదల్లేదు. పామర్రులో దిగాలేమోనని పక్కావిణ్ణి అడగాలనుకుని, అడగలేక, బోర్డులు చదువుకుంటూ కూర్చుంది. చల్లపల్లిలో దిగి, మగ్గం చప్పుడు వినపడుతున్న వైపుగా నడిచింది.

వెంకటరావమ్మ మగ్గం గుంటలో కూర్చుని ఉంది. పైన జకార్డు పెట్టెకు అట్టల దండ వేలాడుతోంది. మొదటి అట్టకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. కొత్త అట్టలెక్కించినప్పుడు అక్కడి ఆచారమది. తమ ఇంట్లో బిస్మిల్లా అని కట్ట కడితే, ఇక్కడ పసుపు రాసి విప్పుతారని తండ్రి చెప్పగా విన్నదే గానీ చూడలేదు. ఆ పసుపు చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

గుడ్డ మీద అప్పటికే హంసలు వరసగా కూర్చుని ఉన్నాయి. భుజాల్లోంచే తలలు మొలిచినట్టున్నాయి.

"వొచ్చావా? రా రా. నీ పిల్లల్ని చూసుకో. హంసలంట! చలికి ముడుచుకున్న కోడిపెట్టలు" అంది వెంకటరావమ్మ. "ఇప్పుడే చూశా. నేయడం ఆపి మీ కొట్టుకే పోదామనుకుంటన్నా. చౌడయ్య ఏమన్నాడు, నిన్ను పంపి తను తప్పుకున్నాడా?"

"నేనే వచ్చానండీ. తప్పినవి తెచ్చా. కలిపి కుట్టేస్తా."

"నువ్వా!" ఆవిడ తొక్కుడు కర్ర మీద నుంచి కాలు తీసింది. "మాట్లాడతావా నువ్వు? మళ్ళీ తప్పితే ఏం చేస్తావ్? ఇదొకటే పడుగుంది నా దగ్గర."

సాజిదా స్టూలెక్కి, దండలో మెడ దగ్గర తాడు విప్పి, ఒక్కో అట్టా మధ్యలో పెట్టి కుట్టుకుంటూ పోయింది. సూది ఒకసారి వేలికి గుచ్చుకుంది. చుట్టుపక్కల మగ్గాల వాళ్ళు పని ఆపి గుమ్మంలో మూగారు. "ఎవరీ పిల్ల?" "అట్టల సాయిబు కూతురంట." ఆ మాటలన్నీ వీపు మీద పడుతున్నాయి.

"అయిందండీ."

"అయిందంటే కాదు. చదువు. నువ్వు చదువుతా ఉంటే నేను నేస్తా. చదివిందీ లేచిందీ ఒకటి కావాల. గట్టిగా చదువు, మగ్గం మోతలో నాకు వినపడాల."

గుమ్మంలో అంతమంది. సాజిదా స్టూలు మీదే నిలబడి, పెట్టె ముందుకొచ్చిన అట్టను చూసింది. గొంతు మొదట రాలేదు. రెండోసారి వచ్చింది.

"నాలుగు కొట్టు. తక్కినవన్నీ వదులు."

తొక్కుడు కర్ర దిగింది, పేకదారంతో నాడె పరిగెత్తింది.

"నాలుగు కొట్టు. తక్కినవన్నీ వదులు."

చెవిటి తండ్రి కోసం చదివిన గొంతే. కొంతసేపటికి గుమ్మంలోవాళ్ళు కనపడటం మానేశారు. మెడ ఒక్కో పేకా పైకి లేచింది, తలయింది. వెంకటరావమ్మ వంగి చూసింది. బాగుందనలేదు. "ఊఁ" అంది. కత్తెర అడిగి తీసుకుని, గుడ్డ మీద ఇవతలివైపు నేసిన పొట్టిమెడల భాగాన్ని కోసి, మడిచి ఆమె చేతిలో పెట్టింది.

"ఇది నాకెందుకూ పనికి రాదు. నువ్వు పట్టుకెళ్ళు. రోజూ కనపడేచోట పెట్టుకో. చౌడయ్యకి చెప్పు, ఈ పిల్ల చదవకుండా వచ్చిన అట్టలు నేను ఎక్కించనని."

మర్నాడు సాజిదా ఆ మాట చౌడయ్యగారికి చెప్పలేకపోయింది. గుడ్డముక్క మాత్రం బల్ల మీద పెట్టింది. ఆయనే అడిగి తెలుసుకున్నారు. చాలాసేపు పొట్టిమెడ హంసలను తిప్పి తిప్పి చూశారు.

"మచిలీపట్నం అతను సోమవారం వచ్చి మాట్లాడి పోతాడు. పెద్ద అంచులు అతనికిద్దామనుకుంటన్నా. చిన్నంచులు నువ్వు చూడు. చూద్దాం, ఎట్టా ఉంటదో" అన్నారు. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "ఇకనుంచి పైకి చదువు. నాకు కింద వినపడాల."

గుడ్డముక్క తెర పక్కన మేకుకు వేలాడింది. దారం అక్కడే ఉంది. బేరాలకొచ్చినవాళ్ళు మెట్ల మీద ఆగి, పైనుంచి వస్తున్న గొంతు విని ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్ళు. అది తెలిసి ఆమె చెవులు వేడెక్కేవి. అయినా చదివేది. పెద్ద అంచులు తనకు తిరిగొస్తాయో, ఈ చిన్నవి కూడా పోతాయో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నాలు కరెంటు పోయినప్పుడు ఆ గొంతు ఆగిపోయేది. కింద చౌడయ్యగారు కూడా బేరం ఆపి తలెత్తేవారు. మళ్ళీ కరెంటు వచ్చేది. మిషను తెరుచుకునేది. ఇక పోదని హరిబాబు చెప్పిన లైను లోపల ఉండే ఉంటుంది. సాజిదా సుత్తి ముట్టుకోకుండా ముందు చిటికెనవేలితో చక్రాన్ని ఒక్క మెట్టు తిప్పి, దారం వైపు చూసేది. ఒక్క వరస దిగిందని కళ్ళతో చూశాక గొంతు సవరించుకునేది.